మల్చింగ్ షీటు మట్టిలో నిజంగా కలుస్తుందా? జీవ విచ్ఛిన్నతను పరీక్షించే సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నం నుంచి ఆనందపురం మీదుగా పద్మనాభం వైపు వెళ్తే, కూరగాయల సాళ్ల మీద పరిచిన వెండి రంగు మల్చింగ్ షీట్లు ఎండకు తళతళలాడుతూ కనిపిస్తాయి. కలుపును ఆపడానికి, తేమను కాపాడడానికి అవి ఎంతో ఉపయోగపడుతున్న మాట నిజం. అయితే పంట తీసిన తరువాత ఆ పాలిథిన్‌ను ఏరడం కూలి ఖర్చుతో కూడిన పని. ఏరగా మిగిలిన పేలికలు గట్ల మీద, తుప్పల్లో, కాలువల్లో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. అందుకే "దుక్కిలో కలిపి దున్నేయవచ్చు, మట్టిలో కలిసిపోతుంది" అని అమ్మే షీట్ల మీద రైతులకు సహజంగానే ఆసక్తి కలుగుతుంది. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి కళాశాల ప్రయోగశాల స్థాయిలో చేయదగిన పరీక్షను, దానికి తోడుగా పొలంలో చేయవలసిన పరీక్షను ఈ వ్యాసం వరుసగా వివరిస్తుంది.

ముందుగా ఒక విషయంలో స్పష్టత అవసరం. షీటు కనిపించకుండా పోవడం వేరు, జీవ విచ్ఛిన్నం కావడం వేరు. మట్టిలోని సూక్ష్మజీవులు షీటులోని కర్బనాన్ని ఆహారంగా తీసుకుని, కొంత భాగాన్ని తమ దేహంగా మార్చుకుని, మిగిలినదాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా వదిలినప్పుడే దాన్ని జీవ విచ్ఛిన్నం అనాలి. ఎండకు పెళుసుబారి, నాగలి తగిలి, కంటికి ఆనని ముక్కలుగా చిట్లిపోయిన షీటు మట్టిలో కలవలేదు, మట్టిలో దాక్కుంది. కొన్ని లోహ లవణాలు కలిపి త్వరగా చిట్లేలా తయారుచేసిన ఆక్సో రకం పాలిథిన్ చేసేది ఇదే. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన ఆదేశంతో అలాంటి ప్లాస్టిక్ వస్తువుల అమ్మకాన్ని నిషేధించింది. కాబట్టి ఈ పరీక్ష మొత్తంలో మనం లెక్కపెట్టేది కర్బనాన్ని. ముక్కల పరిమాణం, బరువు తగ్గుదల, ఫొటోలు సహాయక సాక్ష్యాలు మాత్రమే.

ఏ ప్రమాణాన్ని అనుసరించాలి?

సంచుల మీద, షీట్ల చుట్టల మీద కనిపించే "కంపోస్టబుల్" అనే మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. మన దేశంలో కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు ఆధారమైన ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం పారిశ్రామిక కంపోస్టు కుప్పను దృష్టిలో పెట్టుకున్నది. ఆ కుప్పలో వేడి 58 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. పీఎల్ఏ అనే పాలిమర్ (పొడవైన గొలుసుల్లాంటి అణువులున్న ప్లాస్టిక్ పదార్థం) దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కనుక ఆ వేడిలో బాగానే విచ్ఛిన్నమవుతుంది. 28 డిగ్రీల మట్టిలో అదే పీఎల్ఏ ఏళ్ల తరబడి పెద్దగా మారకుండా ఉండిపోగలదు. అందువల్ల కంపోస్టబుల్ ధ్రువపత్రం చూపించి "పొలంలో కలిసిపోతుంది" అనే అమ్మకందారు మాటను ఒప్పుకోనవసరం లేదు.

పొలం మట్టికి సంబంధించి పరీక్షా పద్ధతులుగా ఐఎస్ఓ 17556ను, ఏఎస్‌టీఎమ్ డీ5988ను వాడతారు. ఫలితం ఎంత రావాలో చెప్పే ప్రమాణం యూరప్‌లో 2018లో వచ్చిన ఈఎన్ 17033. దాని ప్రకారం 20 నుంచి 28 డిగ్రీల మధ్య, వీలైతే 25 డిగ్రీల దగ్గర ఉంచిన సహజమైన పైమట్టిలో, షీటులోని కర్బనంలో 90 శాతం రెండేళ్లలోపు కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. వందకు వంద ఎందుకు అడగరంటే, కొంత కర్బనం సూక్ష్మజీవుల దేహాల్లోకి చేరుతుంది. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు బరువైన కర్బన ఐసోటోపును చొప్పించిన, మట్టిలో కలిసే షీట్లలో వాడే పీబీఏటీ అనే పాలిమర్‌ను మట్టిలో ఉంచి, ఆ కర్బనం కార్బన్ డయాక్సైడ్‌లోనూ సూక్ష్మజీవుల దేహాల్లోనూ ఉన్నట్లు చూపించారు. ఆ పని చేయడానికి కావలసిన సామగ్రి మనకు అందుబాటులో ఉండదు గనుక, వెలువడే వాయువును కొలిచే పాత పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: షీటు దేనితో తయారైందో తెలుసుకోవడం

నెలల తరబడి సాగే పరీక్ష మొదలుపెట్టే ముందు తక్కువ సమయంలో అయ్యే కొన్ని పరిశీలనలు చేయాలి. షీటు నుంచి గోరంత ముక్క కత్తిరించి, సబ్బునీటిలో తడిపి, గాలి బుడగలు అంటుకోకుండా చూసి నీటిలో వదలాలి. పాలిథిన్ సాంద్రత నీటికన్నా తక్కువ, సుమారు 0.92, కాబట్టి అది తేలుతుంది. పీబీఏటీ, పీఎల్ఏ రెండింటి సాంద్రతా 1.25 దగ్గర ఉంటుంది గనుక అవి మునుగుతాయి. తేలిన షీటును "బయోడీగ్రేడబుల్" అని అమ్ముతున్నారంటే అక్కడే అనుమానించవచ్చు. అయితే మునిగిందని సంబరపడకూడదు. సున్నపురాయి పొడి దట్టించిన పాలిథిన్ కూడా మునుగుతుంది.

రెండవది అయోడిన్ చుక్క. నీలం కలిసిన నలుపు వస్తే పిండిపదార్థం ఉన్నట్టు. ఇదీ ఒంటరిగా నమ్మదగినది కాదు, ఎందుకంటే పాలిథిన్‌లో కొంచెం పిండి కలిపి అమ్మే షీట్లు ఉన్నాయి. వాటి సంగతి ఫలితాల దగ్గర లెక్కతో సహా చూద్దాం.

మూడవది బూడిద పరీక్ష. ఒక గ్రాము షీటును మూసలో పెట్టి మఫిల్ ఫర్నేస్‌లో 550 డిగ్రీల దగ్గర కాల్చి, మిగిలిన బూడిదను తూచాలి. ఆ బూడిదపై చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే నురగ వస్తే అది కాల్షియం కార్బొనేట్. ఈ సమాచారం ఎందుకు ముఖ్యమంటే, ఆమ్ల గుణం ఉన్న మట్టిలో ఆ కార్బొనేటు తనంత తానే కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. సూక్ష్మజీవి ఏమీ తినకపోయినా మన లెక్కలో తిన్నట్టు నమోదవుతుంది.

అందుబాటులో ఎఫ్‌టీఐఆర్ అనే, పరారుణ కాంతితో పదార్థాన్ని గుర్తుపట్టే పరికరం ఉంటే పని సులువవుతుంది. పాలిథిన్ 2915, 2848 తరంగ సంఖ్యల దగ్గర నిటారైన జంట శిఖరాలను, 1470, 720 దగ్గర మరో రెండింటిని చూపుతుంది. పీబీఏటీ, పీఎల్ఏ వంటి పాలిఎస్టర్లలో 1710 నుంచి 1760 మధ్య కార్బొనిల్ శిఖరం బలంగా నిలుస్తుంది. ఈ చిత్రాన్ని తీసి భద్రపరచాలి, ఎందుకంటే పొలం నుంచి తవ్వి తీసిన ముక్కలను దీనితోనే పోల్చుతాము.

చివరగా మూలక విశ్లేషణ ద్వారా షీటులో కర్బనం ఎంత శాతమో తెలుసుకోవాలి. ఈ అంకె లేకుండా పరీక్ష మొదలుపెట్టడం కొలపాత్ర లేకుండా పాలు అమ్మడం లాంటిది. బూడిదలో కార్బొనేటు కనిపించి ఉంటే నమూనాను ముందుగా ఆమ్లంతో కడిగి ఆరబెట్టి పంపాలి. నల్ల షీటు అయితే అందులోని కార్బన్ బ్లాక్ శాతాన్ని తయారీదారును అడిగి తెలుసుకోవాలి. ఆ మసి కర్బనమే గానీ సూక్ష్మజీవులకు ఆహారం కాదు. వంద గ్రాముల షీటులో 60 గ్రాముల కర్బనం ఉండి, అందులో 3 గ్రాములు మసి అయితే, మొత్తం కర్బనంలో 5 శాతం ఎన్నటికీ వాయువుగా రాదని ముందే లెక్కవేసుకోవాలి.

రెండవ మెట్టు: మట్టిని ఎంచుకోవడం

మట్టి ఎక్కడిదన్నది ఈ పరీక్షలో సగం పని. మన చుట్టుపక్కల మెట్ట పొలాల్లో ఎక్కువగా కనిపించేది ఎర్ర ఇసుక నేల. ఇటువంటి నేలల్లో సేంద్రియ కర్బనం సాధారణంగా తక్కువ. భూసార పరీక్షల్లో 0.5 శాతానికి లోపు ఉంటే "తక్కువ" అని రాస్తారు. దీనివల్ల పరీక్షకు ఒక లాభం, ఒక నష్టం. మట్టి తనంత తాను వదిలే వాయువు తక్కువ కనుక షీటు నుంచి వచ్చేది స్పష్టంగా తెలుస్తుంది. సూక్ష్మజీవుల సంఖ్య కూడా తక్కువే కనుక విచ్ఛిన్నం నెమ్మదిగా మొదలుకావచ్చు. అందుచేత ఒకే పొలం మట్టి మీద ఆధారపడకుండా, ఒక ఎర్ర మెట్ట నేల, ఒక పల్లపు వరి నేల, పశువుల ఎరువు బాగా వేసే ఒక కూరగాయల మడి, ఈ మూడింటి మట్టిని సమానంగా కలిపి వాడడం మంచిది. మీ పొలానికి మాత్రమే సమాధానం కావాలనుకుంటే ఆ పొలం మట్టినే వేరుగా మరొక వరుసలో పెట్టండి.

భీమిలి దగ్గరున్న ఎర్రమట్టి దిబ్బల మట్టి తెస్తే సరిపోదా అని అడిగే విద్యార్థులు ఉంటారు. సరిపోదు. అది జాతీయ భూవారసత్వ స్థలం, అక్కడి మట్టిని తాకడమే తప్పు. పైగా అది సాగులో ఉన్న పైమట్టి కాదు.

పొలంలో ఐదారు చోట్ల పైనుంచి 20 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి కలపాలి. ఇంతకుముందు మల్చింగ్ షీటు పరిచిన మడిని, ఈ మధ్యే పురుగుమందు కొట్టిన లేదా ఎరువు తోలిన చోటును వదిలేయాలి. వేర్లు, రాళ్లు, ఆకులు ఏరి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. జల్లెడ పట్టడానికి వీలైనంత మేరకే నీడన ఆరబెట్టాలి గానీ ఎండలో గానీ ఓవెన్‌లో గానీ ఎండబెట్టకూడదు, మట్టి పూర్తిగా ఎండితే అందులోని జీవులు చాలావరకు చస్తాయి. వెంటనే వాడలేకపోతే గాలి ఆడేలా మూతి వదులుగా కట్టి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టి, నెలలోపు వాడేయాలి. పీహెచ్ 6 నుంచి 8 మధ్య ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి.

ఇప్పుడు మట్టి ఎంత నీరు పట్టగలదో కొలవాలి. గరాటులో వడపోత కాగితం పరిచి, మట్టి వేసి, నీటితో పూర్తిగా తడిపి, పైన మూసి, రాత్రంతా కారనివ్వాలి. ఉదయం తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచితే తేడా తెలుస్తుంది. ఉదాహరణకు వంద గ్రాముల పొడి మట్టి 36 గ్రాముల నీరు పట్టిందనుకుందాం. పరీక్షలో అందులో సగం, అంటే వందకు 18 గ్రాముల చొప్పున ఉంచుతాము. ఒక్కో పాత్రకు 500 గ్రాముల పొడి మట్టికి సమానమైన మట్టి కావాలి కనుక 90 గ్రాముల నీరు ఉండాలి. తెచ్చిన మట్టిలో అప్పటికే వందకు 8 గ్రాముల తేమ ఉంటే, 540 గ్రాముల మట్టి తూచి 50 గ్రాముల నీరు కలిపితే సరిపోతుంది. నీరు ఎక్కువైతే మట్టి రంధ్రాలు మూసుకుపోయి గాలి అందదు. తక్కువైతే జీవులు నిద్రపోతాయి.

మూడవ మెట్టు: పాత్రలను అమర్చడం

రెండు నుంచి నాలుగు లీటర్ల డెసికేటర్లు గానీ, రబ్బరు రింగుతో గట్టిగా బిగిసే వెడల్పు మూతి గాజు జాడీలు గానీ కావాలి. ఆవకాయ జాడీ ఎంత అందంగా ఉన్నా ఇందుకు పనికిరాదు, దాని మూత గాలిని ఆపదు. మొత్తం 15 పాత్రలు సిద్ధం చేయాలి. మూడింటిలో పరీక్షించే షీటు, మూడింటిలో శుద్ధమైన సెల్యులోజ్ పొడి, మూడింటిలో మామూలు పాలిథిన్, మూడింటిలో ఏమీ కలపని మట్టి. చివరి మూడింటిలో మట్టి కూడా ఉండదు, వాయువును పీల్చే ద్రావణం మాత్రమే ఉంటుంది. సెల్యులోజ్ మన మట్టిలో ప్రాణం ఉందని రుజువు చేస్తుంది. పాలిథిన్ మన పద్ధతి లేని ఫలితాన్ని చూపడం లేదని రుజువు చేస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది ముందుగా వీటినే కోసేస్తారు. నా అభిప్రాయంలో షీటు పాత్రలను తగ్గించినా తగ్గించవచ్చు గానీ ఈ పోలిక పాత్రలను తగ్గించకూడదు.

షీటును కడిగి ఆరబెట్టి, ఐదు మిల్లీమీటర్ల ముక్కలుగా కత్తిరించి, ఒక్కో పాత్రకు కచ్చితంగా ఒక గ్రాము తూచి మట్టిలో బాగా కలపాలి. పాలిమర్ సహజ గుణం మాత్రమే తెలుసుకోవాలంటే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి పొడి చేస్తారు. పొడి త్వరగా విచ్ఛిన్నమవుతుంది. నివేదికలో పొడి వాడారా, ముక్కలు వాడారా అన్నది తప్పకుండా రాయాలి.

షీటులో కర్బనమే తప్ప నత్రజని దాదాపు ఉండదు కనుక సూక్ష్మజీవులకు దాన్ని మనం అందించాలి. కలిపిన కర్బనానికి, నత్రజనికి నిష్పత్తి 10 నుంచి 20కి ఒకటి చొప్పున ఉండాలని ఏఎస్‌టీఎమ్ పద్ధతి చెబుతుంది. గ్రాము షీటులో 580 మిల్లీగ్రాముల కర్బనం ఉంటే, 15కు ఒకటి చొప్పున 39 మిల్లీగ్రాముల నత్రజని కావాలి. ప్రయోగశాల స్వచ్ఛత గల డైఅమ్మోనియం ఫాస్ఫేట్‌లో నత్రజని 21 శాతం ఉంటుంది గనుక సుమారు 185 మిల్లీగ్రాములను ఆ 50 గ్రాముల నీటిలోనే కరిగించి కలపాలి. ఏమీ కలపని మట్టి పాత్రలతో సహా మట్టి ఉన్న ప్రతి పాత్రలోనూ ఇదే మోతాదు వేయాలి. దుకాణంలో దొరికే డీఏపీ బస్తాలో నత్రజని 18 శాతమే, ఇతర పదార్థాలు కూడా ఉంటాయి, అది వాడవద్దు.

పాత్రలో మట్టి పరిచాక, ఒక చిన్న బీకరులో వాయువును పీల్చే 0.5 నార్మల్ (గాఢతకు కొలమానం) పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం 20 మిల్లీలీటర్లు, మరో బీకరులో గాలి పొడిబారకుండా 50 మిల్లీలీటర్ల నీరు పెట్టి, అంచులకు గ్రీజు రాసి మూత బిగించాలి. బిగించిన పాత్రను మొత్తంగా తూచి, తేదీతో రాసుకోవాలి.

వేడి విషయంలో విశాఖకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. వేసవిలో గది వేడి 34 డిగ్రీలు దాటుతుంది, కాబట్టి వేడిచేసే ఇంక్యుబేటర్ చాలదు, చల్లబరిచే బీఓడీ ఇంక్యుబేటర్ కావాలి. 25 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ అటూ ఇటూ దాటకుండా చూడాలి. పాత్రలు చీకటిలో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తరువాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఇక్కడివారికి గుర్తుండే ఉంటుంది. రెండేళ్ల పరీక్షలో రెండు తుపాను కాలాలు వస్తాయి. ఇన్వర్టరు ఏర్పాటు చేసుకోండి, లోపల కనిష్ఠ గరిష్ఠ థర్మామీటరు ఉంచండి, కరెంటు పోయిన గంటలను పుస్తకంలో రాయండి.

నాల్గవ మెట్టు: వాయువును కొలవడం

మొదటి మూడు వారాలు మూడు నాలుగు రోజులకు ఒకసారి, తరువాత రెండు మూడు వారాలకు ఒకసారి పాత్ర తెరవాలి. తెరిచినప్పుడు పావుగంట గాలి ఆడనివ్వాలి, తూచి తగ్గిన నీటిని స్వేదన జలంతో భర్తీ చేయాలి, పొటాషియం హైడ్రాక్సైడ్ బీకరును బయటకు తీసి కొత్తది పెట్టాలి. తీసిన బీకరును ఆలస్యం చేయకుండా టైట్రేట్ చేయాలి, అంటే ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోస్తూ ఎంత పట్టిందో కొలవాలి. బల్ల మీద వదిలేస్తే అది గది గాలిలోని వాయువును కూడా పీల్చుకుంటుంది.

బీకరులో ముందుగా బేరియం క్లోరైడ్ ద్రావణం తగినంత పోస్తే, పీల్చుకున్న వాయువంతా తెల్లటి బేరియం కార్బొనేట్‌గా అడుగుకు దిగుతుంది. తరువాత రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, 0.25 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గులాబీ రంగు పోయేదాకా టైట్రేట్ చేయాలి. వాయువు మిల్లీగ్రాములు ఇలా వస్తాయి: మట్టి లేని పాత్రకు పట్టిన ఆమ్లం నుంచి ఈ పాత్రకు పట్టిన ఆమ్లాన్ని తీసివేసి, దాన్ని ఆమ్లం నార్మాలిటీతోనూ 22తోనూ గుణించాలి.

ఈ 22 దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. బేరియం క్లోరైడ్ వేయకుండా నేరుగా ఫినాఫ్తలీన్‌తో టైట్రేట్ చేస్తే కార్బొనేటులో సగం కూడా ఆమ్లాన్ని తీసుకుంటుంది కనుక అక్కడ 44తో గుణించాలి. ఒక పద్ధతిలో టైట్రేట్ చేసి మరో పద్ధతి అంకెతో గుణిస్తే ఫలితం రెట్టింపో సగమో అవుతుంది. ఏదో ఒక పద్ధతిని ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. షీటులో కర్బనం 58 శాతం అనుకుంటే గ్రాముకు 580 మిల్లీగ్రాములు. దాన్ని 44తో గుణించి 12తో భాగిస్తే 2127 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్. కర్బనమంతా వాయువుగా మారితే వచ్చే గరిష్ఠం ఇదే. ఒక విడతలో మట్టి లేని పాత్రకు 40 మిల్లీలీటర్ల ఆమ్లం, ఉత్త మట్టి పాత్రకు 28, షీటు పాత్రకు 20 పట్టాయనుకుందాం. ఉత్త మట్టి వదిలింది 12 × 0.25 × 22, అంటే 66 మిల్లీగ్రాములు. షీటు ఉన్న మట్టి వదిలింది 20 × 0.25 × 22, అంటే 110. తేడా 44 మిల్లీగ్రాములు షీటుది. 44ను 2127తో భాగిస్తే ఆ విడతలో జరిగిన విచ్ఛిన్నం సుమారు 2.1 శాతం. ఇలా ప్రతి విడత తేడాలను కూడుకుంటూ పోవాలి.

బీకరులోని ద్రావణం మొత్తం 220 మిల్లీగ్రాముల వాయువును పీల్చగలదు. అందులో సగం, అంటే 110 దాటితే పీల్చే వేగం మందగిస్తుంది. పై ఉదాహరణలో మనం సరిగ్గా ఆ అంచున ఉన్నాము, కనుక తరువాతి విడత గడువును తగ్గించుకోవాలి. సెల్యులోజ్ పాత్రలు మొదటి వారాల్లో చాలా వేగంగా పనిచేస్తాయి గనుక వాటిని ఇంకా తరచుగా చూడాలి.

బేరియం క్లోరైడ్ విషపదార్థం. వాడిన ద్రావణాన్ని సింకులో పోయకుండా ఒక డబ్బాలో చేర్చి, సోడియం సల్ఫేట్ కలిపితే కరగని బేరియం సల్ఫేట్‌గా దిగుతుంది. దాన్ని వడకట్టి ప్రమాదకర వ్యర్థాల కింద అప్పగించాలి. పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

ఐదవ మెట్టు: ఫలితాన్ని చదవడం

ముందుగా పరీక్ష చెల్లుతుందో లేదో చూడాలి. ఉత్త మట్టి పాత్రలు మూడూ వాటి సగటు నుంచి 20 శాతానికి మించి తేడా చూపకూడదు. సెల్యులోజ్ ఆరు నెలల్లో 70 శాతం దాటాలి. పాలిథిన్ పాత్రలు ఉత్త మట్టితో దాదాపు సమానంగా ఉండాలి. సెల్యులోజ్ కదలకపోతే షీటును నిందించకండి, మట్టిని మార్చి మళ్లీ మొదలుపెట్టండి.

గ్రాఫు గీస్తే మంచి షీటుకు మూడు దశలు కనిపిస్తాయి. మొదట కొన్ని వారాలు నెమ్మది, తరువాత ఏటవాలుగా ఎక్కడం, చివరకు చదునుగా ఆగడం. ఎక్కడ ఆగిందన్నదే అసలు సమాచారం. పిండి కలిపిన పాలిథిన్ సంగతి ఇక్కడ తేలుతుంది. వందలో 15 పాళ్లు పిండి, 85 పాళ్లు పాలిథిన్ ఉన్న షీటును తీసుకుందాం. పిండిలో కర్బనం 44 శాతం కనుక దాని వాటా 6.6, పాలిథిన్‌లో 85.7 శాతం కనుక దాని వాటా 72.8. సూక్ష్మజీవులు పిండినంతా తినేసినా మొత్తం కర్బనంలో 8.3 శాతం దగ్గర గ్రాఫు ఆగిపోతుంది. పొలంలో మాత్రం ఆ షీటు తూట్లు పడి, పొడిపొడిగా రాలి, "కరిగిపోయింది" అనిపిస్తుంది. కంటితో చూసి నిర్ణయించడం ఎందుకు ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా మంచి లెక్క నాకు తెలియదు.

అప్పుడప్పుడు ఫలితం వందను దాటుతుంది. షీటు తిని బలిసిన సూక్ష్మజీవులు మట్టిలోని పాత సేంద్రియ పదార్థాన్ని కూడా ఎక్కువగా తినడం ఒక కారణం కావచ్చు, మూత సరిగా బిగియకపోవడం మరో కారణం కావచ్చు. మూడు పాత్రలూ ఒకేలా చూపిస్తే మొదటిది, ఒక్కటే చూపిస్తే రెండవది అని అనుమానించాలి.

ఆరు నెలల్లో 40 శాతం వచ్చి ఇంకా ఎక్కుతున్న గ్రాఫును పట్టుకుని "రెండేళ్లలో 90 అవుతుంది" అని గీత పొడిగించి రాసేయడం సరికాదు. ఆగే చోటు ముందుగా తెలియదు. పరీక్షను కొనసాగించాలి, లేదా "ఆరు నెలలకు 40" అని మాత్రమే రాయాలి.

ఆరవ మెట్టు: పొలంలో పాతిపెట్టడం

ప్రయోగశాల మట్టికి ఎండాకాలం ఉండదు. మన మెట్ట పొలంలో ఏప్రిల్, మే నెలల్లో పైమట్టి ఎండి పొడిబారుతుంది, అప్పుడు విచ్ఛిన్నం దాదాపు ఆగిపోతుంది. నైరుతి వానలకు మళ్లీ పుంజుకుంటుంది. కాబట్టి ప్రయోగశాలలో 90 శాతం సాధించిన షీటును కూడా పొలంలో చూడాలి.

దీనికి కొత్త షీటుతో పాటు పంట మీద మూడు నాలుగు నెలలు పరిచి తీసిన షీటును కూడా తీసుకోవాలి. పీబీఏటీ గొలుసులు ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఒకదానికొకటి అతుక్కుపోయి, సూక్ష్మజీవులకు కొరుకుడు పడకుండా పోయే అవకాశం ఉంది. రైతు దున్నేది ఎండకు కాగిన షీటునే గాని చుట్ట నుంచి తీసిన కొత్త షీటును కాదు.

పది సెంటీమీటర్ల చదరపు ముక్కలు కత్తిరించి, తూచి, ఫొటో తీసి, కొంత మట్టితో కలిపి నైలాన్ వల సంచుల్లో కుట్టాలి. దున్నిన లోతుకు తగ్గట్టు 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున పాతి, ప్రతి సంచికి నైలాన్ తాడు కట్టి, తాడు కొసను గట్టు మీది కర్రకు ముడివేయాలి. తాడు లేకపోతే ఏడాది తరువాత సంచి ఎక్కడుందో వెతుక్కోవడానికే పొలం తవ్వవలసి వస్తుంది. ఒకటి, మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు నెలలకు తీయడానికి ప్రతిసారికీ కనీసం నాలుగు సంచుల చొప్పున ఉండాలి. ఇవి పాతిన చోట నాగలి, ట్రాక్టరు తిరగకుండా రైతుతో ముందే మాట్లాడుకోవాలి.

తీసిన ముక్కలను మెల్లగా నీటిలో ఊపి కడిగి, ఆరబెట్టి, మిగిలిన వైశాల్యాన్ని ఫొటోతో కొలవాలి. బరువును ఒక్కదాన్నే నమ్మకూడదు, అంటుకున్న మట్టి దాన్ని పెంచుతుంది. ఎఫ్‌టీఐఆర్ చిత్రాన్ని మొదటి మెట్టులో తీసిన దానితో పోల్చితే ఏ భాగం ముందు పోతున్నదో తెలుస్తుంది. పిండి శిఖరాలు తగ్గి పాలిఎస్టర్ శిఖరం అలాగే ఉంటే సగం కథే జరిగినట్టు. సంచిలోని మట్టిని కూడా పారేయకుండా 2 మిల్లీమీటర్ల జల్లెడలో నీటితో కడిగి ముక్కలు ఏరాలి. ఇంకా చిన్న ముక్కలను తేల్చి వేరుచేయాలంటే సంతృప్త ఉప్పునీటి సాంద్రత 1.2 మాత్రమే కనుక పాలిథిన్ తేలుతుంది గానీ పీబీఏటీ తేలదు. అందుకు జింక్ క్లోరైడ్ వంటి బరువైన ద్రావణం కావాలి. ఉప్పునీటితో వెతికి "ఏమీ దొరకలేదు" అని రాసిన నివేదికను అనుమానంతో చదవాలి.

ఏడవ మెట్టు: మట్టికి హాని ఉందా?

విచ్ఛిన్నమైన షీటు మట్టిలో ఏం వదిలిందన్నది వేరే ప్రశ్న. రంగులు, కలుపు పదార్థాల ద్వారా భారలోహాలు రావచ్చు. కంపోస్టబుల్ ప్యాకింగ్‌కు సంబంధించిన యూరప్ ప్రమాణంలో కిలో షీటుకు సీసం 50, కాడ్మియం 0.5, జింకు 150 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితులు ఉన్నాయి. ఈ పరీక్షను అటామిక్ అబ్జార్ప్షన్ పరికరం ఉన్న ప్రయోగశాలకు పంపాలి.

మొక్కల పరీక్ష మాత్రం ఎవరైనా చేయవచ్చు. పరీక్ష ముగిసిన షీటు మట్టిని, ఉత్త మట్టిని వేర్వేరు కుండీల్లో నింపి, ఏకదళ బీజానికి చోళ్లు, ద్విదళ బీజానికి పెసలు విత్తాలి. మొలక శాతాన్ని, రెండు మూడు వారాల తరువాత కోసి తూచిన బరువును పోల్చాలి. షీటు మట్టిలో ఈ రెండూ ఉత్త మట్టిలోని వాటిలో 90 శాతానికి తగ్గకూడదు. వానపాముల పరీక్ష, మట్టిలో నత్రజని మార్పును చూసే పరీక్ష కూడా ప్రమాణంలో ఉన్నాయి, వాటికి అనుభవం ఉన్న చేయి అవసరం.

నివేదికలో ఏం రాయాలి?

షీటు మందం మైక్రాన్లలో, కర్బనం శాతం, బూడిద శాతం, మట్టి తెచ్చిన ఊరు, తేదీ, పీహెచ్, సేంద్రియ కర్బనం, తేమ, ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులు, ముక్కలో పొడో, ప్రతి పాత్ర విడివిడి ఫలితం, సెల్యులోజ్, పాలిథిన్ ఫలితాలు, ఇవన్నీ ఉండాలి. సగటు అంకె ఒక్కటే ఇచ్చే నివేదిక ఎవరికీ ఉపయోగపడదు. చట్టబద్ధమైన ధ్రువపత్రం కోసం ఈ ఫలితం సరిపోదు. దానికి గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి అవసరం. ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలకు 2024లో వచ్చిన సవరణ ప్రకారం బయోడీగ్రేడబుల్ ప్లాస్టిక్ సూక్ష్మ ప్లాస్టిక్ ముక్కలను మిగల్చకూడదు కూడా.

అమ్మకందారు దగ్గరకు వెళ్లినప్పుడు రైతు అడగవలసిన ప్రశ్నలు మూడే. ఈ పరీక్ష మట్టిలో చేశారా, కంపోస్టులో చేశారా? ఎన్ని డిగ్రీల దగ్గర, ఎన్నాళ్లు చేశారు? వాయువుగా మారిన కర్బనం ఎంత శాతం? మూడో ప్రశ్నకు బదులుగా పొలంలో షీటు మాయమైన ఫొటోలు చూపిస్తే, ఆ చుట్ట నుంచి ఒక మీటరు ముక్క అడిగి తెచ్చుకుని, సబ్బునీటి గిన్నెతో మొదటి మెట్టు నుంచి ఆరంభించవచ్చు.